హేరోదు అడిగిన ప్రశ్న

ధ్యాన భాగము: మత్తయి 2:1–18



మన సంఘములో ఒక తల్లికి సుఖప్రసవమైనదని వినినప్పుడు మన హృదయములు ఉప్పొంగును. అది మంచిదే. ఎలీసబెతు కుమారుని కనినప్పుడు ఇరుగుపొరుగువారును బంధువులును ఆమెతోకూడ సంతోషించిరని లూకా వ్రాసెను. అయితే బిడ్డ పుట్టిన వార్తను ఎవరికి చెప్పవలెను, ఎప్పుడు చెప్పవలెను, ఎంతవరకు చెప్పవలెను అను సంగతిని ఈ మాసము మనము లేఖనముల వెలుగులో ఆలోచింతము. ఇది చిన్న సంగతి కాదు. దీనిలో పసిబిడ్డల ప్రాణములును తల్లుల కన్నీళ్లును ఉన్నవి.

తూర్పుదేశపు జ్ఞానులను చూడుడి. వారు కపటులు కారు. శిశువైన ప్రభువును చూడవలెనను ఆశతో దూరప్రయాణము చేసి యెరూషలేమునకు వచ్చిరి. అక్కడ రాజుగా పుట్టిన శిశువు ఎక్కడనున్నాడని బాహాటముగా విచారించిరి. ఆ మాట పట్టణమంతయు ప్రాకి హేరోదు చెవిని పడెను. అతడు కోపపడి కేకలు వేసెనా? లేదు. వారిని రహస్యముగా పిలిపించి, నక్షత్రము కనబడిన కాలమును వివరముగా తెలిసికొనెను. శిశువు జాడ తెలియగానే తనకును తెలుపుడని, తానును పోయి నమస్కరింపగోరుచున్నానని భక్తిపరునివలె పలికెను. బిడ్డ ఎప్పుడు పుట్టెను? ఎక్కడ ఉన్నాడు? ఈ రెండు సంగతులే అతనికి కావలసినవి. దేవుడు హెచ్చరింపగా జ్ఞానులు వేరొక మార్గమున తిరిగిపోయిరి. యోసేపు రాత్రివేళ లేచి, శిశువును తల్లిని తోడుకొని ఐగుప్తునకు వెళ్లెను. బేత్లెహేములోని ఇతర తల్లులకు కలిగిన దుఃఖము మనమెరుగుదుము.

మన దినములలో హేరోదు ప్రశ్నను రాజులు అడుగనక్కరలేదు. ప్రసూతి వార్డులో మంచము ప్రక్కకు వచ్చి, తియ్యగా పలుకరించి, "ఏ బిడ్డమ్మా? ఏ ఊరు మీది? తోడెవరున్నారు?" అని అడుగు అపరిచితులుందురు. 1964లో అమెరికాలోని షికాగో నగరములో ఒక స్త్రీ నర్సు వేషముతో వచ్చి, వైద్యుడు చూడవలెనని చెప్పి, పుట్టి ఒక దినమైన బిడ్డను తల్లియొద్దనుండి ఎత్తుకొని పోయెను. ఆ దేశములో తప్పిపోయిన పిల్లల నిమిత్తము 1984లో స్థాపింపబడిన జాతీయ కేంద్రము ఇట్టి నేరములను పరిశీలించి, బిడ్డ పుట్టిన ప్రకటనలో ఇంటి చిరునామా వేయవద్దని తలిదండ్రులకు సలహా చెప్పుచున్నది. మన దేశములోను ఈ ఆపద తక్కువది కాదు. బిడ్డలను అమ్ముకొను ముఠాల వ్యాజ్యెములో 2025 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, ఏ ఆసుపత్రినుండియైనను నవజాత శిశువు అట్లు అపహరింపబడినచో, మొదటి చర్యగా ఆ ఆసుపత్రి లైసెన్సును నిలిపివేయవలెననెను.

"దేవుడు కాపాడడా? ఈ భయమంతయు అవిశ్వాసము కాదా?" అని కొందరు అడుగవచ్చును. మోషే తలిదండ్రులు అతనిని మూడు మాసములు దాచిరి. అట్లు దాచుట విశ్వాసమువలన జరిగినదని హెబ్రీ పత్రిక పదునొకండవ అధ్యాయము సాక్ష్యమిచ్చుచున్నది. బిడ్డను జమ్ముపెట్టెలో పెట్టి ఏటియొడ్డున ఉంచినప్పుడును, అక్క దూరమున నిలిచి ఏమగునో అని కనిపెట్టుచుండెను. ఆ కుటుంబము దేవుని నమ్మెను, కావలియు పెట్టెను.

సొలొమోను ఎదుటికి వచ్చిన ఇద్దరు తల్లుల వ్యాజ్యెమును జ్ఞాపకము చేసికొనుడి. రాత్రివేళ బిడ్డ మార్చబడెను. ఆ ఇంట మూడవ మనిషి లేడు గనుక సాక్షి లేకపోయెను. ఈ కాలమున అనేక ఆసుపత్రులలో తల్లికిని బిడ్డకును ఒకే అంకె గల పట్టీలు కట్టుట అందుకే. లోపలికి పోనీయక నర్సమ్మ మనలను ఆపినప్పుడు, "మేము ప్రార్థన చేయ వచ్చినవారము, మమ్మునే ఆపుదువా?" అని కోపపడకుందము. ఆమె మన బిడ్డకే కావలి కాయుచున్నది.

ఇక మన సంఘపు వాడుకను పరీక్షించుకొందము. ఆదివారము ఆరాధనలో ఫలాని వారి కుమార్తెకు ఫలాని ఆసుపత్రిలో, ఫలాని వార్డులో బిడ్డ పుట్టెనని ప్రకటించుచున్నాము. తల్లి కన్ను తెరువకమునుపే బిడ్డ ఫోటో, చేతిపట్టీమీది అంకెతో సహా, వాట్సాప్ గ్రూపులలో ఊరూరు తిరుగుచున్నది. ఆ తల్లిని ఒక మాట అడిగితిమా? నెలలు నిండని బిడ్డను బాక్సులో పెట్టి, ఆమె బయట కూర్చుండి ఒక్కొక్క గడియను లెక్కించుచుండవచ్చును. ఆ బిడ్డ దక్కనియెడల, శుభమని చెప్పవచ్చిన ప్రతివానికిని ఆ సంగతి తన నోటనే చెప్పవలసిన భారము ఆమెదే. మరియొక తల్లికి ఊరికి తెలియగూడని వ్యాధి యుండవచ్చును. వ్యక్తిగత గోప్యత ప్రతి మనుష్యుని ప్రాథమిక హక్కని మన సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పెను. కూలి తల్లికిని, పట్టణపు ధనవంతురాలికిని ఆ హక్కు ఒక్కటే.

మరియొక సంగతియు చెప్పవలసియున్నది. బిడ్డలను ఎత్తుకొనిపోవు స్త్రీలలో కొందరు తమకు బిడ్డలు లేక, గర్భవతినని ఇంటివారితో అబద్ధమాడి, ఆ అబద్ధమును నిలుపుకొనుటకు ఆ నేరము చేయుదురు. నేరము నేరమే. అయినను పెనిన్నా హన్నాను విసిగించినట్లు, గొడ్రాలని ఒక స్త్రీని పొడుచు నోరు మన మధ్య ఉన్నయెడల, ఆ పాపములో మనకు పాలు లేదని చెప్పగలమా?

రాణియైన అతల్యా రాజకుమారులందరిని నాశనము చేయబూనినప్పుడు, యోవాషును అతని మేనత్తయైన యెహోషెబ దాదితోకూడ దాచెను. ఆ బిడ్డ ఆరు సంవత్సరములు ఎక్కడ ఉండెను? యెహోవా మందిరములోనే. ఆ మందిరమునుండి ఆ మాట బయటికి పొక్కలేదు. మన మందిరములును అట్టివి కావలెను.

కాబట్టి సంఘములోని మనమందరము కొన్ని సంగతులు చేయుదము. తల్లిని అడిగి, ఆమె సమ్మతించిన పిమ్మటనే ప్రకటింతము. ప్రకటించినను దేవుని స్తుతించుటకు చాలినంత చెప్పి, వార్డును మంచమును చెప్పక మానుదము. ఫోటోలు పంపు పని తలిదండ్రులకే విడుతము. పరీక్షలకని బిడ్డను తీసికొనిపోవ వచ్చినవారి గుర్తింపు కార్డు చూడకయు, బంధువొకరు వెంట పోకయు ఇయ్యవద్దని బాలింతలకు ముందుగానే నేర్పుదము. తప్పక తెలుపవలసినది ఒకటి కలదు: 1969 నాటి చట్టము ప్రకారము పుట్టుకను ఇరువదియొక్క దినములలోగా రిజిస్ట్రారునకు తెలియజేసి జనన పత్రము పొందవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది తోడు. పెనిమిటి భోజనము తెచ్చుటకు పోయినప్పుడు, తల్లి నీరసముతో నిద్రించినప్పుడు, మంచము ప్రక్క ఎవరును లేని ఆ అరగంటలోనే ఆపద చొరబడును. మన స్త్రీల సమాజమునుండి పదిమంది ఒక్కసారి పోయి మంచము చుట్టు నిలుచుటకంటె, ఇద్దరక్కలు వంతులవారీగా పోయి, ఆమె అమ్మకో అత్తకో తోడుగా ఒక రాత్రి మేలుకొని కూర్చుండుట గొప్ప పరిచర్య. ఈ మాసములో మన సంఘమున పురిటి దినములు దగ్గరపడిన తల్లులెవరో పెద్దలు నెమ్మదిగా విచారించి, వారికి తోడుండువారి వంతులను ఇప్పుడే ఏర్పరచుదురుగాక.

పొత్తిగుడ్డలతో చుట్టబడిన శిశువుగా ఈ లోకమునకు వచ్చి, శత్రువు చేతినుండి రాత్రివేళ తప్పింపబడిన మన ప్రభువు మన పసిబిడ్డలను కాపాడునుగాక. ఆమేన్.