సభలో పాపం ఎవరి వాటా?

మంథని ఓటర్లు 1957 నుంచి వరుసగా నాలుగుసార్లు పి.వి. నరసింహారావును శాసనసభకు పంపారు. ఆయన పెరిగిన వంగర అప్పట్లో కరీంనగర్ జిల్లా ఊరే. భూసంస్కరణలకు పూనుకున్న ముఖ్యమంత్రి, ‘వేయిపడగలు’ను హిందీలోకి తెచ్చిన పండితుడు, దేశ ఆర్థిక గమనాన్ని మలుపు తిప్పిన ప్రధాని. అంతటి మనిషి పేరు మన న్యాయశాస్త్రంలో ఒక చేదు ప్రశ్నకు అంటుకుపోయింది. డబ్బు తీసుకుని సభలో ఓటు వేసిన సభ్యుణ్ని కోర్టు నిలదీయవచ్చా, లేదా?

1993 జూలై 28న పి.వి. ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానం ఓటింగుకు వచ్చింది. అనుకూలంగా 251, వ్యతిరేకంగా 265. మెజారిటీ లేని ప్రభుత్వం గట్టెక్కింది. జార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీలకూ, జనతాదళ్ చీలిక వర్గం వారికీ డబ్బు ముట్టిందన్న ఆరోపణ కేసుగా మారి సుప్రీంకోర్టుకు చేరింది. అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1998 ఏప్రిల్ 17న 3–2 తేడాతో తీర్పు చెప్పింది. రాజ్యాంగంలోని 105(2) అధికరణం ప్రకారం సభలో వేసిన ఓటుపై ఏ కోర్టూ విచారణ జరపకూడదు కాబట్టి, లంచం తీసుకుని ఓటు వేశారన్న ఆరోపణ ఉన్నవారికి రక్షణ దొరికింది. అదే ఆరోపణ ఎదుర్కొంటూ ఓటింగులో పాల్గొనని అజిత్ సింగ్‌కు మాత్రం దొరకలేదు.

ఇచ్చినవారి వైపు ఉన్న పి.వి.కి ఆ రక్షణ వర్తించలేదు. 2000లో ప్రత్యేక కోర్టు ఆయనను దోషి అంది. 2002లో ఢిల్లీ హైకోర్టు ఆ తీర్పును కొట్టేసి నిర్దోషిగా ప్రకటించింది. అందుకని ఆ మచ్చను ఇంకా ఆయనకు అంటగట్టడం అన్యాయం. ఇక్కడ తేల్చవలసింది ఆ వ్యక్తి సంగతి కాదు, ఆ తీర్పు ఒప్పుకున్న తర్కం సంగతి. ఆ తర్కం ప్రకారం, అమ్ముడుపోయి ఒప్పందం నిలబెట్టుకున్నవాడు క్షేమం, అమ్ముడుపోయి మాట తప్పినవాడు ముద్దాయి. అధర్మం పూర్తిగా నెరవేరితేనే రక్షణ అన్నమాట.

ఏ ధర్మశాస్త్రమైనా దీన్ని ఒప్పుకుంటుందా?

సభ్యుల హక్కుకు వెనక రక్తం ఉంది, దాన్ని చులకన చేయకూడదు. 1629లో ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్, పార్లమెంటులో తనను ఎదిరించిన సర్ జాన్ ఎలియట్‌ను జైల్లో పెట్టించాడు. 1632లో ఆయన లండన్ టవర్‌లోనే చనిపోయాడు. సభలో అన్న మాటకు బయట శిక్ష ఉండరాదన్న నియమం 1689 నాటి హక్కుల చట్టంలోకి ఎక్కింది. అక్కడి నుంచే మన 105వ అధికరణానికి వచ్చింది. రాజుకు భయపడకుండా ప్రజల మాట చెప్పడానికి పుట్టిన రక్షణ అది. ప్రజలే ప్రశ్నిస్తే తప్పించుకోవడానికి దాన్ని అడ్డుపెట్టుకోవడం ఎలియట్ చావుకే అవమానం.

మన పురాణాలకు ఈ చిక్కు కొత్తది కాదు. పాండవులు జూదంలో ఓడిన సభలో ద్రౌపది ధర్మసందేహం అడిగింది. భీష్ముడు తేల్చలేకపోయాడు, పెద్దలు తలలు వంచుకున్నారు. అప్పుడు విదురుడు లేచి ప్రహ్లాదుడి కథ చెప్పాడు. ప్రహ్లాదుడి కొడుకు విరోచనుడికీ, అంగిరసుడి కొడుకు సుధన్వుడికీ ఎవరు గొప్ప అన్న తగవు వచ్చింది. ఇద్దరూ ప్రాణాలు పందెం కాశారు. తీర్పు చెప్పమని వెళ్ళింది ప్రహ్లాదుడి దగ్గరికే. ఒక పక్క కన్నకొడుకు ప్రాణం, మరో పక్క సత్యం. ఆయన తడబడి కశ్యపుణ్ని అడిగాడు. సభలో నింద్యమైన పని జరిగినప్పుడు దాన్ని నిందించకపోతే పాపంలో సగం సభకు పెద్ద అయినవాడికీ, పావు చేసినవాడికీ, పావు నోరు మెదపని సభ్యులకూ చెందుతుందన్నాడు కశ్యపుడు. నిందించవలసినవాణ్ని నిందిస్తే పెద్దా సభ్యులూ బయటపడతారు, పాపమంతా చేసినవాడికే పోతుంది. ప్రహ్లాదుడు కొడుకు వైపు తిరిగి, సుధన్వుడే నీకన్నా గొప్పవాడు, ఇక నీ ప్రాణం అతని చేతిలోది అని తీర్పు ఇచ్చాడు. పుత్రప్రేమను పక్కనపెట్టి ధర్మం వైపు నిలిచినందుకు మెచ్చి సుధన్వుడే ఆ ప్రాణం తిరిగి ఇచ్చేశాడు.

ఈ లెక్కను మరోసారి చూడాలి. తప్పు చేసినవాడి వాటా పావే. పెద్ద కుర్చీలో కూర్చుని ఊరకున్నవాడి వాటా దానికి రెట్టింపు. పవిత్రమైన చోటు తప్పును కడిగేయదు, తప్పు బరువును చుట్టూ ఉన్న అందరి మీదికీ పంచుతుంది. సుప్రీంకోర్టు మెజారిటీ 1998లో తీసుకున్న దారికి ఇది పూర్తిగా ఎదురుదారి.

ప్రహ్లాదుడి పేరు ఉత్తర తెలంగాణకు దూరం కాదు. గోదావరి ఒడ్డున ధర్మపురి నరసింహస్వామి గుడికి వెళ్ళే ప్రతి ఇంట్లో ఆ కథ తెలుసు. తండ్రిని ఎదిరించిన పసివాడి కథే అందరూ చెప్పుకుంటారు. కొడుక్కి వ్యతిరేకంగా తీర్పు చెప్పిన తండ్రి కథ ఎవరూ పెద్దగా తలచుకోరు. ఈ రోజుల్లో ఎక్కువ అక్కరకొచ్చేది ఆ రెండోదే. ఎందుకంటే 1985లో వచ్చిన పదో షెడ్యూలు, పార్టీ మారిన సభ్యుడిపై తీర్పు చెప్పే అధికారం స్పీకర్‌కు ఇచ్చింది. స్పీకర్ సాధారణంగా అధికార పార్టీ మనిషి. మారినవాడు సాధారణంగా ఆ పార్టీలోకే వస్తాడు. అంటే ప్రతిసారీ విరోచనుడి కేసే.

పాత ఆదిలాబాద్ జిల్లా దీన్ని దగ్గరగా చూసింది. 2014లో నిర్మల్, సిర్పూర్ ఓటర్లు ఏనుగు గుర్తుకు ఓటేసి ఇంద్రకరణ్ రెడ్డిని, కోనేరు కోనప్పను గెలిపించారు. తెలంగాణలో బీఎస్పీకి వచ్చిన సీట్లు ఆ రెండే. ఇద్దరూ టీఆర్‌ఎస్‌లోకి వెళ్ళారు. మూడింట రెండు వంతుల మంది కదిలితే విలీనం అనే చట్టానికి, ఇద్దరికి ఇద్దరూ కదిలితే ఇబ్బంది ఏముంటుంది? అదే ఏడాది డిసెంబరులో ఇంద్రకరణ్ రెడ్డి మంత్రి అయ్యారు. 2019లో పన్నెండు మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు టీఆర్‌ఎస్‌లో విలీనమయ్యారు, వారిలో ఆసిఫాబాద్ నుంచి గెలిచిన ఆత్రం సక్కు ఒకరు. 2023 ఎన్నికల తర్వాత గాలి ఎదురు తిరిగింది. బీఆర్‌ఎస్ గుర్తుపై గెలిచిన పది మంది కాంగ్రెస్ వైపు వెళ్ళారని ఫిర్యాదులు దాఖలయ్యాయి, అందులో జగిత్యాల ఎమ్మెల్యే పేరూ ఉంది. నిన్న తలుపు తీసి పిలిచినవారు నేడు కోర్టు మెట్లెక్కారు, నిన్న కోర్టుకు వెళ్ళినవారు నేడు తలుపు తీశారు. ఈ వరుసలో ఏ పార్టీకీ మినహాయింపు ఇవ్వడానికి వీల్లేదు.

హుజూరాబాద్ ఎమ్మెల్యే పాడి కౌశిక్ రెడ్డి పేరుతో నడిచిన ఆ కేసులో 2025 జూలై 31న సుప్రీంకోర్టు, మూడు నెలల్లో తేల్చమని తెలంగాణ స్పీకర్‌ను ఆదేశించింది. ఫిరాయింపులపై తీర్పు చెప్పే పనిని స్పీకర్ల చేతిలోనే ఉంచాలో లేదో పార్లమెంటు మళ్ళీ ఆలోచించుకోవాలని కూడా అంది. నెలల తరబడి చేతులు ముడుచుకుని ఉండటం కూడా ఒక తీర్పే. కశ్యపుడు సగం వాటా వేసింది సరిగ్గా ఆ మౌనానికే.

సభ తనను తాను శుద్ధి చేసుకోలేదని అనుకోనక్కరలేదు. 1951లో తాత్కాలిక పార్లమెంటు సభ్యుడు హెచ్.జి. ముద్గల్ బొంబాయి బులియన్ వ్యాపారుల సంఘం తరఫున ప్రశ్నలు వేయడానికి డబ్బు తీసుకున్నాడని తెలియగానే, నెహ్రూ తన పార్టీ మనిషే కదా అని చూడలేదు. విచారణ సంఘంలో మన దుర్గాబాయి ఉన్నారు. తర్వాత హైదరాబాద్ శాసనసభకు తొలి స్పీకర్ అయిన కాశీనాథరావు వైద్య కూడా ఉన్నారు. బహిష్కరణకు తీర్మానం పెట్టింది నెహ్రూయే. ముద్గల్ ముందే రాజీనామా చేసినా, ఆ లేఖ సభకు మరో అవమానమంటూ సభ తీర్మానించింది. 2005 డిసెంబరు 23న ప్రశ్నలకు డబ్బు తీసుకున్న పదకొండు మంది ఎంపీలను రెండు సభలూ పంపించేశాయి. మధ్యలో యాభై నాలుగేళ్ళు గడిచాయన్నది మాత్రం బాధపెట్టే విషయం.

1998 తీర్పు ఇరవై అయిదేళ్ళు పైబడి నిలిచింది. 2012 రాజ్యసభ ఎన్నికలో లంచం తీసుకున్నారన్న ఆరోపణ ఎదుర్కొన్న జార్ఖండ్ ఎమ్మెల్యే సీతా సోరెన్ కేసులో, 2024 మార్చి 4న ఏడుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా దాన్ని కొట్టేశారు. డబ్బు అందుకున్న క్షణానే నేరం పూర్తయిందన్నారు. ఓటు ఎటు వేశారన్నది ఇక అనవసరం. పి.వి.కి భారతరత్న ప్రకటించి అప్పటికి నెల కూడా కాలేదు. ఆ రెండూ ఆయన జ్ఞాపకానికి మేలే చేశాయి.

ఆదిలాబాద్ అడవిలో ఇంకో నమూనా ఉంది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నిజాం పోలీసుల కాల్పుల్లో చనిపోయాక, గోండుల బాధలు తెలుసుకోవడానికి ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన చొరవతో కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బార్ మొదలైంది. పుష్య అమావాస్యకు మెస్రం వంశీయులు గోదావరి నీళ్ళతో పూజ మొదలుపెడతారు. జాతర రోజుల్లోనే అదే ఊళ్ళో కలెక్టరు, మంత్రులు కూర్చుని జనం ఫిర్యాదులు వినాలి. ఇచ్చిన హామీలన్నీ నెరవేరాయని ఎవరూ అనరు. అయినా అక్కడ దేవుడి సన్నిధి అధికారికి కవచం కాదు, జవాబు చెప్పవలసిన చోటు.

లోక్‌సభ ఎథిక్స్ కమిటీ తలుపు అలా తెరిచి లేదు. ఆసిఫాబాద్ రైతు ఒక ఎంపీపై ఫిర్యాదు చేయాలంటే ఆధారాలు, ప్రమాణపత్రం జతచేసి మరో ఎంపీ ద్వారానే పంపాలి. అబద్ధపు ఫిర్యాదులను ఆపడానికి ప్రమాణపత్రం చాలు. దైవసాక్షిగా ప్రమాణం చేసి సభలో కూర్చున్నవారిని, ప్రమాణం చేసి ప్రశ్నించే పౌరుడికి మధ్యవర్తి ఎందుకు? ఆ ఒక్క నియమాన్ని మార్చడానికి రాజ్యాంగ సవరణ అక్కరలేదు. అది సభ తనకు తాను రాసుకున్న నియమమే.