గులకరాళ్ళ అడుగున

శుభ్రం అంటే ఏమిటి? పొద్దున్నే ఊడ్చి, తుడిచి, ముగ్గేసుకునే ఇల్లాలిని పట్టుకుని అడగవలసిన ప్రశ్నేనా అని నవ్వకండి. నడవంతా అద్దంలా తుడిచి మంచాల కింద మాత్రం చీపురు పెట్టని ఇల్లు శుభ్రమైనదేనా? చుట్టాలొచ్చే వేళకి మాసిన బట్టలన్నీ బీరువాలో కుక్కి తలుపేసేస్తే? పైన పటారం, లోన లొటారం అని పెద్దలు ఊరికే అన్నారా!

ఈ ప్రశ్నకి గట్టి పరీక్ష చేపల తొట్టెలో ఉంది. చేపలు తినగా మిగిలిన మేత, వాటి మలం గులకరాళ్ళ సందుల్లోకి దిగి కుళ్ళుతాయి. దాంతో నీళ్ళలో అమ్మోనియా చేరుతుంది. నీళ్ళు స్వచ్ఛంగా తళతళలాడుతూనే ఉంటాయి. చేపలు మాత్రం పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని ఆయాసపడతాయి. కంటికి కనబడనిదే వాటి మొప్పల్ని కాలుస్తోంది మరి.

దీనికి చేతిపని తెలిసినవాళ్ళు చవకలో ఓ ఉపాయం చేసుకుంటారు. చిల్లులు పెట్టిన పీవీసీ గొట్టాలు రాళ్ళ కింద పరిచి, ఓ మూల నిలువు గొట్టం అమర్చి, దాని అడుగుకి పంపుతో గాలి ఊదుతారు. బుడగలు పైకి లేస్తూ తమతోపాటు నీళ్ళనీ లాక్కుపోతాయి. ఆ ఖాళీ నింపడానికి పైనీళ్ళు రాళ్ళ మధ్యనుంచి కిందికి దిగుతాయి.

మురికి పోయిందా? పోలేదు, అడుక్కి చేరిందంతే. కానీ రాళ్ళని అంటిపెట్టుకుని కంటికానని సూక్ష్మజీవులున్నాయి. కొన్ని అమ్మోనియాని నైట్రైట్‌గా మారిస్తే, మరికొన్ని దాన్ని అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ రెండో పని మంచినీటి తొట్టెల్లో చేసేది నైట్రోస్పైరా జాతివని 1998లో తేలింది. ఇవన్నీ కుదురుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. వాటికి గాలి అందుతూ ఉండాలి. చాలా గంటలు కరెంటు పోయి పంపు ఆగిందా, వాటికి ఊపిరాడదు. గాలి సోకని చోట అదే చెత్త కుళ్ళిన గుడ్డు వాసన వేసే విషవాయువవుతుంది.

ఇదంతా ఎందుకని రాళ్ళన్నీ పైకి తీసి, కుళాయి కింద తోమి కడిగే అతిశుభ్రం మనుషులూ ఉన్నారు. కుళాయి నీళ్ళలోని క్లోరిన్‌కి ఆ జీవులు చస్తాయి. నాలుగు రోజులకి తొట్టె కొత్తదానిలా మెరుస్తుంది, చేపలు మాత్రం తేలిపోతాయి.

మరికొందరు ప్రవాహాన్నే తిరగేస్తారు. చిన్న మోటారుతో, స్పాంజిలో వడగట్టిన నీళ్ళని గొట్టాల్లోకి నెట్టి, అడుగునుంచి పైకి రప్పిస్తారు. రాళ్ళలో దిగాల్సిన మురికి పైకి లేస్తుంది. మొదట్లో నీళ్ళు కాస్త మసకబారినా, చెత్త స్పాంజికి చిక్కుతుంది. దాన్ని తొట్టెలోంచి తోడిన నీళ్ళలోనే పిండేస్తే సరి.

ఇప్పుడు మన ఇళ్ళు చూడండి. అన్నీ కడుపులో పెట్టుకునే ఆడదాన్ని మెచ్చుకోవడం మనకి అలవాటు. ఇంటిగుట్టు లంకకు చేటని ఆవిడకే బోధిస్తాం. నిజమే, చిన్న చిన్న మాటలు లోపల అరిగిపోతాయి. మాట పడ్డ మర్నాడే మరిచిపోయి కాఫీ కలిపిచ్చే ఇల్లాళ్ళు లేరా? అయితే అరిగించుకోవడం వేరు, దాచుకోవడం వేరు. అరగాలంటే గాలి కావాలి. మనసు విప్పి చెప్పుకోవడానికి ఓ మనిషి, కాస్త విశ్రాంతి, కాస్త మర్యాద కావాలి. అవేవీ ఇవ్వకుండా “ఓర్చుకో అమ్మా” అనడం, పంపు ఆపేసి రాళ్ళని నిందించినట్టుంటుంది.

అలాగని ఇరవై ఏళ్ళ పాత మాటల్ని రోజూ తవ్వి తోమితే ఏ కాపురమూ బతకదు. తొట్టె పెంచేవాళ్ళు నీళ్ళన్నీ ఒక్కసారి పారబోయరు. వారానికో పక్షానికో పావువంతు తోడి, అంత మేరకే కొత్త నీళ్ళు పోస్తారు. చెప్పవలసిన మాటకీ అదే కొలత. ఎప్పటిదప్పుడు, తట్టుకోగలిగినంత. దెబ్బలూ అవమానాలూ మాత్రం ఈ లెక్కలోకి రావు. వాటిని అడుక్కి నెట్టమనే హక్కు ఎవరికీ లేదు.

ఇల్లు చూసి మెచ్చుకునే చుట్టాలు గంటసేపు కూర్చుని వెళ్ళిపోతారు. పిల్లలు అలా వెళ్ళలేరు. పెద్దవాళ్ళు అడుగున ఏం దాచినా, ఆ నీళ్ళలోనే వాళ్ళు ఊపిరి పీల్చుకోవాలి.