అన్నం అమ్మితే పాపమా?

వరంగల్లుకి చుట్టం వస్తే అడిగే మొదటి ప్రశ్న వేయిస్తంభాల గుడి ఎంత దూరమని కాదు. అది రెండోది. మొదటిది, "మీ ఊళ్ళో తిండి ఎక్కడ బాగుంటుంది?" అని. ప్రశ్న చిన్నదే. కానీ జవాబు చెప్పేవాడు ముందు అడిగినాయన మొహం ఒకసారి చూస్తాడు. ఆ చూపులో చాలా లెక్కలుంటాయి. ఈయన నీచు తింటాడా, తినడా? తింటే ఏది తింటాడు, ఏది ముట్టడు? ఇవాళ శనివారం కాదు గదా? ఎవరి హోటలైనా పర్వాలేదా, 'మనవాళ్ళ' హోటలే కావాలా? ఇవేవీ పైకి అడగడు, అడిగితే బాగుండదు. లోపల్లోపలే కూడికలూ తీసివేతలూ చేసుకుని, "హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక మెస్సుంది లెండి" అంటాడు.

కాబట్టి ఎక్కడ తిందామనేది నాలికకి సంబంధించిన వ్యవహారంలా కనిపిస్తుంది గాని, అందులో సగం, ఎవరి చేతి వంట తిందాం, ఎవరి పక్కన కూచుని తిందాం అన్నదే.

మా ఊళ్ళో ఈ ప్రశ్నకి జవాబులెక్కువ. ఒక్క కాజీపేట వైపే చూడండి. 1929లో బల్లార్షా లైను కలవడంతో ఢిల్లీ నుంచి మద్రాసు పోయే దారి మీద ఇది పెద్ద జంక్షనయింది. రైలొస్తే రైలు మనుషులొస్తారు, వాళ్ళ వెంట వాళ్ళ వంటలొస్తాయి. అరవవారూ, మలయాళీలూ, ఆంగ్లో ఇండియన్లూ, ఉత్తరాదివారూ రైల్వే క్వార్టర్లలో గోడకి గోడ ఆనించుకుని బతికారు. ఒక వంటింట్లో కొబ్బరినూనె పోపు, పక్కింట్లో ఆవనూనె. ఒక పక్క దర్గా. ఇంకో పక్క ఫాతిమానగర్, అక్కడ పెద్ద చర్చి. ఆ పైన, 1959లో నెహ్రూగారు శంకుస్థాపన చేసిన రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ. 2002 నుంచి దాన్ని ఎన్.ఐ.టి. అంటున్నారు. దేశం నలుమూలల నించీ వచ్చిన పిల్లలు సాయంత్రమయ్యేసరికి బజ్జీల బండి ముందు నిలబడి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ రెండో ప్లేటు చెబుతుంటారు. ఇదంతా నాలుగైదు కిలోమీటర్ల లోపలే. అక్కణ్ణించి వరంగల్ మండిబజారుకి వెళితే, బిర్యానీ సంగతి వేరే చెప్పాలా? రంజాన్ నెలలో అక్కడి రాత్రులకి పొద్దు తెలీదు.

(మా ఊరి అసలు తిండి మాత్రం హోటళ్ళలో వెతక్కండి. సకినాలు దుకాణాల్లో అమ్ముతున్నారు గాని, గిన్నెకి అద్ది కాల్చిన సర్వపిండిని పొయ్యి మీంచి దించగానే తినాలంటే ఎవరో ఒకరి ఇంటికి చుట్టమై వెళ్ళవలసిందే.)

తిండికోసం ఊళ్ళో వెతుక్కోవడం ఓరుగల్లుకి కొత్త కాదు. వినుకొండ వల్లభరాయని పేర ఉన్న 'క్రీడాభిరామం'లో మంచనశర్మ అనే బ్రాహ్మణుడూ, టిట్టిభసెట్టి అనే కోమటి మిత్రుడూ కాకతీయుల ఓరుగల్లంతా తిరుగుతారు. ఆకలేస్తుంది మరి. లక్ష్మణవజ్ఝల ఇంట ఒక్క రూకకి ఏమేం దొరుకుతుందో ఒక పద్యంలో జాబితా ఉంది: మేలురకం బియ్యపన్నం, గోధుమ పిండివంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. ఇప్పటి ఫుల్ మీల్సు బోర్డు దీని ముందు వెలవెలబోతుంది. నాకు నోరూరించింది పెరుగే అయినా, ఆలోచింపజేసింది రూక. అంటే పూటకూటిల్లు అప్పటికే ఉంది. ఊరుగాని ఊళ్ళో బంధువు లేకపోయినా, పుణ్యాత్ముడు తగలకపోయినా, చేతిలో నాణెం ఉంటే అన్నం దొరికేది.

అయితే మన పెద్దలు ఈ వృత్తిని మెచ్చుకోలేదు. అన్నం పెట్టడం పుణ్యం, అమ్మడం పాపం అన్నారు. అన్నవిక్రయం చేసేవాడికి శాస్త్రాలలో మర్యాద లేదు. 'కన్యాశుల్కం' చూడండి, అందులో పూటకూళ్ళమ్మకి ఒక పేరన్నా లేదు. ఆవిడ చేతి వంట అందరికీ కావాలి, ఆవిడ మాత్రం ఎవరికీ అక్కర్లేదు.

నాకెప్పుడూ అనిపిస్తుంది, ఈ తీర్పు తిరగేసి చూడాలేమోనని. దానం చేసేవాడు ఎవరికి పెట్టాలో తనే నిర్ణయించుకుంటాడు. పెట్టే చెయ్యి పైన, పుచ్చుకునే చెయ్యి కింద. అంతటితో ఆగదు, ఎవరు నువ్వు, ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడిగే హక్కు కూడా పైచేతికి వస్తుంది. శ్రీశైలం వెళ్ళండి, ఇవాళ్టికీ కులానికో సత్రం కనిపిస్తుంది. కట్టించినవాళ్ళ భక్తిని నేను శంకించను. కానీ ఆ గుమ్మంలో ఆకలికన్నా ముందు కులం పేరు చెప్పుకోవాలి గదా. అడక్కుండా పెట్టిన దానాలూ లేకపోలేదు. పల్నాట బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూచోబెట్టి చాపకూడు పెట్టించాడని చెప్పుకుంటాం. సిక్కుల గురుద్వారాలలో లంగరు నేటికీ అలాగే సాగుతోంది. అయితే ఎనిమిది వందల ఏళ్ళయినా చాపకూటిని ప్రత్యేకించి చెప్పుకుంటున్నామంటేనే తెలియడం లేదూ, అది ఎంత అరుదో!

అమ్మేవాడికి ఈ బెడద లేదు. గల్లా పెట్టె దగ్గర కూచున్నాయనకి నా గోత్రంతో పనిలేదు. టోకెను తీసుకున్నానా లేదా, అంతే.

ఇది డబ్బు ఒక్కటే చేసిన ఘనకార్యమనుకుంటే పొరపాటు. డబ్బిచ్చినా బయటే నిలబెట్టిన హోటళ్ళు మన పల్లెల్లో చాలాకాలం ఉన్నాయి. టీ కొట్టులో రెండు రకాల గ్లాసులు. ఒక రకం వాసానికి తగిలించి ఉండేది, తాగినవాడే కడిగి మళ్ళీ తగిలించాలి. రైల్వే స్టేషన్లలో హిందువుల నీళ్ళు వేరు, ముస్లిముల నీళ్ళు వేరు అని బోర్డులుండేవి. 1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణంలో హోటళ్ళ పేరు, దుకాణాల పేరు, బావుల పేరు ప్రత్యేకంగా ఎత్తి మరీ చెప్పింది, ఎవరినీ అడ్డగించకూడదని. అంత పెద్ద గ్రంథంలో కాఫీ హోటలు ప్రసక్తి ఎందుకా అని తెలియనివాళ్ళకి వింతగా ఉంటుంది. గుమ్మం బయట నిలబడి టీ తాగినవాణ్ణి అడిగితే వింతగా ఉండదు. 1955లో అంటరానితనం నేరమని శిక్షల చట్టం వచ్చింది. దానితో కూడా ఒక్కరోజులో గ్లాసులు కలిసిపోలేదు. చట్టం ఒకవైపు నెడుతుంటే, బేరం పోతుందన్న భయం రెండోవైపు లాగింది. ఎక్కడ ఏది ఎక్కువ పనిచేసిందో గాని, పట్నంలో మాత్రం గ్లాసులు కలిశాయి.

ఇక్కడ నా మిత్రుడొకాయన సంగతి చెప్పాలి. పుట్టింది వరంగల్లులోనే. మాటల్లో ఒకరోజు గర్వంగా అన్నాడు, "రంజాన్ల ఒక్క దినం గూడ హలీం తప్పలే నేను. ఇగ నాకంటె ఎక్కువ కలుపుగోలు మనిషి ఎవడుంటడు?"

"ఆ హోటలాయన పేరేమిటి?" అన్నాను.

"పేరెందుకయ్యా? బోర్డు మీద ఉంటది."

నవ్వుకున్నాం. కానీ ప్రశ్న మిగిలింది. గోధుమలూ, పప్పూ, మాంసమూ గంటల తరబడి ఉడికించి, కర్రతో మెదిపి, ఏది ఏదో తెలియకుండా కలిపేస్తేనే హలీం అవుతుంది. దాన్ని మూడు పదుల ఏళ్ళు తిన్న మనిషి, వండినవాడి పెళ్ళికీ చావుకీ వెళ్ళనే లేదు. ఆ వీధిలో ఇల్లు అద్దెకి దొరికినా తీసుకోడు. తన వీధిలో వాళ్ళకి ఇల్లిమ్మంటే, "మా ఇంట్లోవాళ్ళు ఒప్పుకోరు" అంటాడు. నాలిక స్నేహం చేస్తే మనిషి స్నేహం చేసినట్టేనా?

కాదనే నా ఉద్దేశం. కానీ దానికి హోటలుని తప్పు పట్టను. హోటలు మనకిచ్చేది స్నేహం కాదు. పక్క కుర్చీ ఇస్తుంది. రద్దీ వేళ "ఇక్కడ ఎవరైనా ఉన్నారా?" అని అడిగి, లేరంటే ఎదురుగా కూచుని, సాంబారు గిన్నె ఇలా జరపమంటారు చూడండి, అది. ఎదుటివాడు మనకి నచ్చక్కర్లేదు, మనం వాడికి తెలియక్కర్లేదు. నచ్చినవాళ్ళతోనే సమానంగా ఉంటాననేవాడి సమానత్వం ఎంతసేపు నిలుస్తుంది? దీనికీ హద్దుందనుకోండి. ఇదే హోటల్లో మెట్లెక్కి అద్దాల తలుపు తోసుకుని పోతే ఏ.సి. గది, అదే ఇడ్లీకి అక్కడ ఇంకో రేటు. అసలు రూకే లేనివాడికి పూటకూటింట చోటు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. డబ్బు కులం అడగదు గాని, తనే ఒక కులం కట్టేస్తుంది.

ఇంటి సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. ఇంట్లో స్నేహం ఉంటుంది, ఆప్యాయత ఉంటుంది. సద్దుల బతుకమ్మనాడు పద్మాక్షి గుట్ట కింద బతుకమ్మలు నీటిలో వదిలాక ఆడవాళ్ళు ఒకరికొకరు సద్దులు పంచుకోవడం చూస్తే, నువ్వుల సద్దీ, పెరుగు సద్దీ ఏ చేతినుంచి ఏ చేతికి పోతున్నాయో లెక్క తేలదు. తీరా ఇంటికొచ్చాక, పదేళ్ళుగా అంట్లు తోముతున్న మనిషికి టీ పోసేటప్పుడు గూట్లోంచి వేరే గ్లాసు దిగుతుంది. ఆమెని ఆ ఇంట్లో అందరూ "మా ఇంటి మనిషే" అంటారు, అబద్ధం కాదు కూడా. జ్వరమొస్తే మాత్రలు తెచ్చిస్తారు, పండక్కి చీర పెడతారు. గ్లాసు మాత్రం వేరు. అడిగితే, "అలవాటండీ, మనసులో ఏం లేదు" అంటారు. ఆ గ్లాసు ఆమె కడిగి, ఆమే బోర్లిస్తుంది.

పొద్దున్నే పనిలోకి పోయేముందు అదే మనిషి సందు మొదట్లో టిఫిను బండి దగ్గర ఆగుతుంది. రెండు ఇడ్లీ, ఒక వడ. ఆ వేళకి వాకింగు ముగించుకుని ఆ ఇంటి అయ్యగారూ అక్కడే ఆగుతారు. ఇద్దరికీ ఒకే బొక్కెనలో ముంచి తీసిన స్టీలు ప్లేట్లు; ఏ ప్లేటు ఎవరిదో కడిగేవాడికి తెలీదు. అయ్యగారు పలకరింపుగా తల ఊపుతారు. ఆమె, "ఇంకింత చట్నీ ఎయ్యి అన్నా," అని బండివాడి ముందుకి ప్లేటు చాస్తుంది.