అరువు ఊపిరి

ఊపిరితిత్తులు పూర్తిగా చెడి, వెంటిలేటరు కూడ చాలనప్పుడు వైద్యులు ఆశ్రయించు కడపటి సాధనము ఎక్మో. పెద్ద సిరనుండి రక్తమును గొట్టముద్వారా వెలుపలికి తీసి, పలుచని పొర మీదుగా నడిపి, ప్రాణవాయువు నెక్కించి, బొగ్గుపులుసు వాయువును తొలగించి, తిరిగి దేహములోనికి పంపుట దాని పని. అది ఊపిరితిత్తులను బాగుచేయదు. అవి కోలుకొనుటకు వ్యవధి నిచ్చును.

ఆ వ్యవధి విలువ గొప్పది. 1975లో కాలిఫోర్నియాలో డాక్టర్ రాబర్ట్ బార్ట్‌లెట్ ఈ విధముగా ఒక పసికందును బ్రదికించెను. నర్సులు ఆ శిశువునకు ఎస్పెరాంజా అని పేరిడిరి. స్పానిష్ భాషలో ఆ మాటకు 'ఆశ' అని అర్థము. 2009లో వెలువడిన బ్రిటిష్ పరిశోధనలో, ఎక్మో కేంద్రమునకు పంపబడినవారిలో నూటికి 63 మంది ఆరునెలల పిమ్మట తీవ్ర వైకల్యము లేక జీవించియుండిరి. సాధారణ చికిత్స పొందినవారిలో 47 మందియే. అయినను ఆశ హామీ కాదు. గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం వారములతరబడి ఈ చికిత్స పొందియు 2020 సెప్టెంబరు 25న చెన్నైలో కన్నుమూసిరి.

కొందరి ఊపిరితిత్తులు ఎన్నటికిని కోలుకొనవు, మార్పిడికిని వీలుండదు. అట్టి రోగి ఒక్కొక్కప్పుడు మెలకువగానుండి బిడ్డలను గుర్తించును. యంత్రమాపిన కొలదిసేపటికే మరణము. అది హత్య యగునా?

ఊపిరి దేవుని దానము, దానిని తీయుటకు నరునికి అధికారము లేదని కొందరందురు. ఆ భయము న్యాయమైనదే. వేరొక రోగికి యంత్రము కావలెననియో, డబ్బు చాలదనియో రోగి ఇష్టము తెలిసికొనకయే ఆపినచో, ఆ భయమే సత్యమగును. కాని కోలుకొను మార్గము మూసికొనిపోయినదని పలువురు వైద్యులు నిర్ధారించి, రోగి సమ్మతించినప్పుడు ఆపుట చంపుట కాదు. రోగమును జయింపలేమని ఒప్పుకొనుట. నయముకాని స్థితిలో ప్రాణాధార చికిత్సను ఆపుటను సుప్రీంకోర్టు 2018లో షరతులతో అనుమతించి, 2023లో ఆ విధానమును సులభపరచెను.

కావున అసలు బాధ్యత యంత్రము తగిలించుటకు ముందే ఆరంభమగును. ఏ ఆశతో మొదలిడుచున్నారు? ఎన్నాళ్లకు తిరిగి ఆలోచింతురు? ఆశ ఫలింపనిచో ఏమి చేయుదురు? ఈ మూడు ప్రశ్నలకు వైద్యుడు కుటుంబమునకు తేటగా ఉత్తరమియ్యవలెను. రోగి మాటలాడగలిగినచో అతని మాటయే మొదట వినవలెను. ఒకవేళ ఆపవలసివచ్చినను, ఆయాసము తెలియకుండ మందులిచ్చి, చేయిపట్టుకొని ప్రక్కన కూర్చుండుట ఆపరాదు. యంత్రమునకు సెలవు గలదు, ప్రేమకు లేదు.