సిద్ధపడటమూ విశ్వాసమే

చదవవలసిన లేఖన భాగాలు: ఆదికాండము 2:18-22; కీర్తన 56:1-4

జ్ఞానదంతం తీయించుకోవాలని డాక్టరు తేదీ చెప్పినప్పటి నుంచి మనసంతా ఆ తేదీ చుట్టూనే తిరుగుతుంది. చిగురు కోస్తారట, అవసరమైతే ఎముక కూడా కొంచెం తొలుస్తారట, పక్కనే నరం ఉందట అని తలా ఒక మాట చెబుతారు. "ఇంత చిన్నదానికి భయమా? నువ్వు విశ్వాసివి కావా?" అని ఎవరైనా అంటే ఆ భయానికి సిగ్గు కూడా తోడవుతుంది.

ప్రియ సహోదరీ, సహోదరుడా, సిగ్గుపడకండి. గాతులో ఫిలిష్తీయుల చేత చిక్కిన దావీదు తనకు భయం లేదని పాడలేదు. భయం కలిగిన రోజున దేవుణ్ణే ఆశ్రయిస్తానని పాడాడు. మీ భయాన్ని కూడా ఉన్నది ఉన్నట్టుగా ఆయన ముందు పెట్టవచ్చు.

నొప్పి తెలియకుండా చేసుకోవడం తప్పేమో అన్న సందేహం ఒకప్పుడు కొందరు విశ్వాసులకు నిజంగానే ఉండేది. 1847లో ఎడిన్‌బరో వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సన్ ప్రసవ వేదన తగ్గించడానికి మొదట ఈథర్, తర్వాత క్లోరోఫాం వాడాడు. అది దేవుని మాటకు విరుద్ధమన్న అభ్యంతరానికి ఆయన ఆ ఏడాదే ఒక చిన్న పుస్తకంలో జవాబు రాశాడు. అందులో ఆదికాండము రెండవ అధ్యాయాన్ని చూపించాడు. ఆదాము ప్రక్కటెముక తీసే ముందు అతనికి గాఢనిద్ర కలిగించింది దేవుడే కదా! ఆ క్లోరోఫాం ఎంత సురక్షితమో పరీక్షించడానికి 1888, 1889లలో మన హైదరాబాదులోనే, సర్జన్ ఎడ్వర్డ్ లారీ పూనికతో, నిజాం ప్రభుత్వ సాయంతో రెండు కమిషన్లు పనిచేశాయి. ఇప్పుడు పంటి డాక్టర్లు మత్తు సూదిలో ఎక్కువగా వాడే లిగ్నోకెయిన్ 1943లో స్వీడన్‌లో తయారైంది. ఎందరో ఏళ్ల తరబడి పడిన శ్రమ రేపు మీ దవడకు తిమ్మిరిగా అందుతుంది. మెలకువగానే ఉంటారు, నొక్కుతున్నట్టు, లాగుతున్నట్టు తెలిసినా నొప్పి తెలియదు. అప్పటికీ నొప్పి అనిపిస్తే చెయ్యెత్తి చెప్పండి, మందు మరికొంత ఇస్తారు. దీన్ని దేవుని దయగానే స్వీకరించండి.

ఆదికాండములోని ఆ వచనాన్ని మరోసారి చదవండి. ముందు నిద్ర, తర్వాత ఎముక తీయడం, ఆపైన ఆ చోటును మాంసంతో పూడ్చడం. సమస్తం చేయగల దేవుడు కూడా ఆ పనిని ఒక క్రమంలో చేశాడు. ఆయనను నమ్మినవారు ముందు జాగ్రత్తను, తర్వాతి జాగ్రత్తను తేలిగ్గా తీసుకోవచ్చా?

ముందు జాగ్రత్తలో మొదటిది నిజం చెప్పడం. షుగర్, బీపీ, గుండె జబ్బు, ఆస్తమా, రక్తం పలచబరిచే మాత్రలు, పడని మందులు, గర్భం, సిగరెట్, గుట్కా, ఏదీ దాచకండి. రోజూ వేసుకునే మాత్రలను మీ అంతట మీరు ఆపకండి, డాక్టరును అడగండి. ఎక్స్‌రే తీయించమంటే తీయించండి. పంటి వేరు నరానికి ఎంత దగ్గరగా ఉందో అందులో తెలుస్తుంది. దవడకు మాత్రమే మత్తు ఇచ్చేటప్పుడు మామూలుగా కొంచెం తిని రమ్మంటారు. పూర్తి మత్తు ఇచ్చేటట్టయితే చెప్పిన గంట నుంచి ఏమీ తినకూడదు. ఇంటికి తీసుకెళ్లడానికి ఒకరిని తోడు రమ్మనండి.

తర్వాతి జాగ్రత్తకు ఓర్పు కావాలి. పన్ను తీసిన గుంటలో గడ్డకట్టే రక్తమే ఆ గాయానికి కాపు. అది ఊడిపోతే ఎముక బయటపడి కొన్ని రోజులు తీవ్రంగా నొప్పి పెడుతుంది. దీన్నే డ్రై సాకెట్ అంటారు. అందుకే పెట్టిన గాజ్ గుడ్డను గట్టిగా కొరికి పట్టుకోమంటారు. ఒక రోజంతా పుక్కిలించవద్దని, ఉమ్మవద్దని, స్ట్రాతో తాగవద్దని, పొగ జోలికి అసలే పోవద్దని చెబుతారు. చల్లారిన జావ, మెత్తటి పెరుగన్నం ముందే సిద్ధం చేయించుకోండి. వాపు రెండు మూడు రోజులు పెరిగి, ఆపైన తగ్గుతుంది. రక్తం ఆగకపోయినా, జ్వరం వచ్చినా, తగ్గాల్సిన నొప్పి పెరుగుతున్నా వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి. గాయం మాన్చే శక్తిని శరీరంలో ఉంచినవాడు ప్రభువు. ఆ శక్తికి అడ్డు రాకుండా ఉండటం మన వంతు.

దేవుడే చూసుకుంటాడని అంటూ డాక్టరు మాట పెడచెవిన పెట్టడం విశ్వాసం కాదు. ఆయన చూసుకుంటాడన్న ధైర్యంతో మన పని మనం శ్రద్ధగా చేయడమే విశ్వాసం.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, నా భయం నీకు తెలుసు. నొప్పి తెలియకుండా చేసే మందుల కోసం, వాటి కోసం శ్రమించినవారి కోసం నీకు వందనాలు. రేపు నాకు వైద్యం చేసేవారి చేతులను స్థిరపరచు. నిజం చెప్పే ధైర్యాన్ని, చెప్పినట్టు నడుచుకునే ఓర్పును నాకివ్వు. డాక్టరు గదిలో నాలాగే భయంతో కూర్చునే ప్రతి ఒక్కరినీ ఆదరించు. యేసు నామమున వేడుకొంటున్నాను తండ్రీ, ఆమేన్.

నేటి తీర్మానం: వేసుకునే మందులన్నీ, డాక్టరును అడగాల్సిన ప్రశ్నలన్నీ ఈ రాత్రే ఒక కాగితం మీద రాసుకోండి. ప్రార్థించి, త్వరగా పడుకోండి.