లారీ రాకపోతే?

మా అమ్మీ చివరి రెండు రోజులూ వెంటిలేటర్ మీదే ఉంది. రెండో రోజు సాయంత్రం డాక్టరు మమ్మల్ని వరండాలోకి పిలిచాడు. వయసు, షుగరు, పాడైన కిడ్నీలు అన్నీ వివరంగా చెప్పి, "గుండె ఆగితే ఛాతీ నొక్కి చూస్తాం. ఆశ మాత్రం పెట్టుకోకండి" అన్నాడు. ఆయన లోపలికెళ్లగానే మా భయ్యా నా చెవిలో అన్నాడు: "మన పేరు చూసి అట్లా అంటున్నాడేమోరా. టీవీలో చూళ్లేదా, కరెంటు పెడితే లేచి కూచుంటారు!"

ఈ రెండు మాటలూ ఒక్క నోటినుంచే వచ్చాయి. మొదటిదాన్ని అనుమానం అంటారు, రెండోదాన్ని అమాయకత్వం అంటారు. నాకు మాత్రం రెండూ ఒకే చెట్టు కాయల్లా కనిపిస్తాయి.

ముందు టీవీ సంగతి. భయ్యా 'సంజీవని' సీరియల్ వదిలేవాడు కాదు. 2002లో మొదలైన ఆ హిందీ సీరియల్ మా వీధిలో చాలామందికి ఆస్పత్రంటే ఏమిటో నేర్పింది. అంతకుముందు మన సినిమాలు నేర్పాయి. ఆపరేషన్ గది ఎర్రలైటు ఆరుతుంది, డాక్టరు కళ్లద్దాలు తీస్తాడు. పెద్దదేశాల సీరియళ్లదీ ఇదే కథ, కాకపోతే హంగులు ఎక్కువ. అమెరికాలో 1994లో 'ఈఆర్', 'చికాగో హోప్' మొదలయ్యాయి. ఆ రెండింటినీ, 'రెస్క్యూ 911' అనే ఇంకో కార్యక్రమాన్నీ కలిపి, తెర మీద గుండె ఆగినవాళ్లు ఎంతమంది బతికారో ముగ్గురు పరిశోధకులు లెక్కగట్టారు. 1996లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అచ్చువేసింది. తెర మీద అప్పటికప్పుడు బతికినవాళ్లు 75 శాతం, బతికి ఇంటికెళ్లినట్టు కనిపించినవాళ్లు 67 శాతం. నిజం ఆస్పత్రిలో ఆ లెక్క దరిదాపుల్లోకి కూడా రాదు. ముసలితనం, ముదిరిన జబ్బు తోడైతే చెప్పనే అక్కర్లేదు. మానిటర్ మీద గీత తిన్నగా సాగిపోతుంటే టీవీ డాక్టరు కరెంటు పెడతాడు. గుండె లయ తప్పి గిలగిల్లాడేటప్పుడు కరెంటు పనిచేస్తుంది గానీ పూర్తిగా ఆగిపోయిన గుండెకి కాదు. ఛాతీ నొక్కితే పక్కటెముకలు విరగొచ్చు. అమ్మీవి విరిగాయి. ఆ చప్పుడు ఏ సీరియల్లోనూ వినలేదు.

జనం అమాయకులని నవ్వేవాళ్లకి ఒక మాట. అమెరికాలో 1969 నుంచి 1976 దాకా 'మార్కస్ వెల్బీ, ఎం.డి.' వచ్చింది. అందులో డాక్టరు వేషం వేసిన రాబర్ట్ యంగ్ నటుడు మాత్రమే. అయినా మొదటి అయిదేళ్లలో ఆ డాక్టరు పేరిట రెండున్నర లక్షల ఉత్తరాలు వచ్చాయి. చాలావాటిలో రోగాలకి సలహా అడిగారు. చదువుకున్న దేశమే! తన మాట ఓపిగ్గా వినే డాక్టరు నిజంలో దొరక్కపోతే మనిషి బొమ్మకైనా మొరపెట్టుకుంటాడు.

ఇక మన సంగతి. 2020లో కెనడాలో 'ట్రాన్స్‌ప్లాంట్' అనే సీరియల్ మొదలైంది. సిరియా యుద్ధం నుంచి చెల్లెల్ని వెంటబెట్టుకుని పారిపోయి టొరంటో చేరిన డాక్టర్ బషీర్ హమీద్ అందులో నాయకుడు. హమ్జా హక్ ఆ వేషం వేశాడు. చదువుకున్న డాక్టరు అక్కడ హోటల్లో వంట చేస్తుంటాడు. ఒకరోజు లారీ హోటల్లోకి దూసుకొస్తుంది. బషీర్ చేతికందిన సామాన్లతో దెబ్బతిన్నవాళ్లని కాపాడతాడు. ఒకాయన తలకి డ్రిల్లింగ్ మిషన్‌తో బెజ్జం పెట్టి ప్రాణం నిలబెడతాడు. ఆయనే పెద్దాస్పత్రిలో ఎమర్జెన్సీ విభాగానికి అధిపతి! బషీర్‌కి ఉద్యోగం దొరుకుతుంది.

మొదటిసారి చూసినప్పుడు నా కళ్లు చెమర్చాయి. అబద్ధం ఎందుకు? మన పేరున్న మనిషి బాంబు పెట్టకుండా ప్రాణం పోస్తుంటే గుండె ఉప్పొంగదా! ఆ సీరియల్‌ని తక్కువ చేయను. తర్వాతి భాగాల్లో బషీర్ తప్పులు చేస్తాడు, యుద్ధం పీడకలై వెంటాడుతుంది, మామూలు మనిషవుతాడు. కానీ ఆ లారీ రాకపోతే? బషీర్ చదువు అదే, చేతులు అవే. పొయ్యి దగ్గరే ఉండిపోయేవాడు.

అమెరికావాళ్ల 'గ్రేస్ అనాటమీ' 14వ సీజన్లో దాలియా ఖాద్రీ అనే కుర్ర డాక్టరు తన హిజాబ్ విప్పి రోగి గాయానికి కడుతుంది. అందరూ మెచ్చుకున్నారు. నాకూ నచ్చింది. పక్కనున్న డాక్టరు తన చొక్కా చించి కడితే అది చొక్కా మాత్రమే. ఖాద్రీ కడితే పరీక్ష నెగ్గినట్టు. మనం మామూలుగా డ్యూటీకొచ్చి, మామూలుగా పనిచేసి, టీ తాగి ఇంటికిపోతే చాలదా? ఒక డాక్టరు సగటు డాక్టరుగా ఉండే హక్కు అందరికీ సమానంగా ఉందా? మెచ్చుకోలుకి కూడా షరతులుంటే దాన్ని గౌరవం అనలేను.

ఇప్పుడు భయ్యా మాటలకి వస్తాను. ఆ అనుమానం గాల్లోంచి ఊడిపడలేదు. కొన్నేళ్ల కిందట, వేరే ఊరి ఆస్పత్రిలో చీటీ రాసే మనిషి పేరు వినగానే "మీవాళ్లకి పిల్లలెంతమంది?" అని వెకిలిగా నవ్వాడు. అప్పుడు క్యూలో మా వదిన ఉంది, నిండు చూలాలు. పదిసార్లు అలాంటి నవ్వు చూసినవాడు పదకొండోసారి నిజం చెప్పే మనిషిని కూడా నమ్మలేడు. మంచి డాక్టరు చెప్పిన మంచి మాటని ఎవడో గుమాస్తా ఎప్పుడో దొంగిలించాడు. నిజం మీద నమ్మకం పోయినచోటే అద్భుతం మీద ఆశ మొలుస్తుంది. మా భయ్యా అద్భుతం అడిగాడంటే, న్యాయం జరుగుతుందన్న భరోసా లేకనే అడిగాడు.

కానీ ఆ డాక్టరు సంగతేమిటి? ఎవడి పాపానికో ఆయన్ని ముద్దాయిని చేశాం. మన పేరు చూసి మనల్ని తూచడం తప్పైతే, వాళ్ల తెల్లకోటు చూసి తూచడమూ తప్పే. ఇది రాయడానికి చెయ్యి రావడంలేదు, అయినా రాస్తున్నాను.

అమ్మీ ఆ తెల్లవారుజామున ఫజర్ అజాన్‌కి ముందు పోయింది. డాక్టరు చెమటతో తడిసి ఉన్నాడు. ఇరవై నిమిషాలపాటు నొక్కుతూనే ఉన్నాడని తర్వాత నర్సు చెప్పింది. భయ్యా గోడకానుకుని నిలబడ్డాడు. డాక్టరు దగ్గరకొచ్చి, "మీ అమ్మగారి పేరు ఎట్లా పలకాలండీ? కాగితంలో తప్పు పడకూడదు" అన్నాడు.

భయ్యా నెమ్మదిగా, ఒక్కో అక్షరం చెప్పాడు. ఆయన రాసుకున్నాడు.