ఇంటికొక ఉప్పుటేరు

నా భార్య కొల్లేటి లంకలలో ఒక చిన్న పల్లెయందు పుట్టి పెరిగినది. పెండ్లియైన క్రొత్తలో, ఏలూరు పవరుపేటలోని మా యింట వానజల్లునకు వెరచి తలుపులు కిటికీలు బిగించుచున్న నన్ను చూచి ఆమె నవ్వి, "వరదొచ్చేటప్పుడు మా ఊళ్లో తలుపులు తీసిపెడతారండీ, మూసిన కొంపే ముందు కూలుద్ది" అనెను. ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము చెప్పుకొని బ్రతికినవాడ నగుటచే, గోడకు రెండు ప్రక్కలను నీరు సమముగా నిలిచినచో ఒత్తిడి ఒత్తిడితో సరిపోవునను సూక్ష్మము నాకు వెంటనే బోధపడినది. దానిని గోడలకే గాక గోడల నడుమ నుండు మనుష్యునకు గూడ అన్వయింపవలెనను బుద్ధి మాత్రము 2020వ సంవత్సరము దనుక పుట్టలేదు.

ఆ యేడు మార్చి 22వ తేదీ ఆదివారమునాడు జనతా కర్ఫ్యూ అనిరి. సాయంకాలము అయిదు గంటలకు మా వీధివారందరును గుమ్మములలో నిలిచి పళ్లెములు మ్రోగించిరి. నేనును ఒక గరిటెతో యథాశక్తి మ్రోగించితిని. 24వ తేదీ రాత్రి దేశమంతటికిని ఇరువదియొక్క దినముల లాక్‌డౌన్ ప్రకటింపబడెను. మరునాడే ఉగాది. క్రొత్త సంవత్సరము పేరు శార్వరి. శార్వరి యనగా రాత్రి. టీవీలో పంచాంగము చదువుచున్న పండితుడు ఆ యర్థమును చల్లగా దాటిపోయెను. పొరుగువారి వేపకొమ్మ మా ప్రహరీమీదికి వ్రాలియుండుటచే పచ్చడిలోనికి పువ్వు దొరికినది గాని, పండుగకు రావలసిన మనుష్యు లెవ్వరును రాలేదు. మా యింటికి రైలుకట్ట దగ్గర. హౌరా చెన్నై మార్గమున పోవు బండ్ల కూతలను బట్టియే మేల్కాంచుటయు, పొయ్యి వెలిగించుటయు, వీధితలుపు వేయుటయు నలువది యేండ్లుగా మాకు అలవాటు. ప్రయాణికుల బండ్లన్నియు నిలిచిపోయి, ఎప్పుడో ఒక గూడ్సుబండి మాత్రము వేళాపాళా లేక సాగిపోవుచుండగా, గోడగడియారము తిరుగుచున్నను ఇంటిలో ప్రొద్దు కదలనట్లు తోచెను.

బడిపంతులు చేయు మొదటి పనియే నేనును చేసితిని. ఒక కాగితముపై కాలపట్టిక గీసి గోడకు అంటించితిని. అయిదింటికి లేచుట, ప్రాణాయామము, భారతము ఒక ఆశ్వాసము, మధ్యాహ్నము నిద్ర నిషిద్ధము, ఇట్లు చాల గంభీరముగ నుండెను. అది తొమ్మిది దినములు బ్రతికినది. పదియవ దినమున నేను పడకకుర్చీలో కూర్చుండి, ఏ జిల్లాలో ఎందరికి కరోనా సోకినది, ఎందరు పోయిరి యను అంకెలు టీవీ తెరపై దొర్లుచుండగా ప్రొద్దుటినుండి రాత్రి పది గంటల వరకు చూచితిని. బయటి లోకమునకు తలుపు వేసితినని నేననుకొనుచుండగా, ఆ లోకమంతయు ముప్పదిరెండు అంగుళముల గాజుతెరనుండి లోనికి ప్రవహించుచుండెను. ప్రవహించినది తిరిగి పోవుటకు మాత్రము ఎచ్చటను దారి లేదు. ఇక చిత్తసమత్వము కొరకు గీతను తెరచితిని. స్థితప్రజ్ఞుని గూర్చిన తాబేటి ఉపమానమును భార్యకు వినిపించి, మనమును అట్లే ముడుచుకొని యుండవలెనంటిని. తాబేళ్లను పుస్తకములలో గాక కళ్లతో చూచిన మనిషి ఆమె. "ముడుచుకుంటే ముడుచుకుంది గానండీ, ఆకలేస్తే తల బయటికి పెట్టుద్దిగా" అని చెప్పి బియ్యమేరుకొనసాగెను. వ్యాఖ్యాతలెవరును ఈ యంశమును విచారించినట్లు నేనెరుగను.

మా అక్కయ్య తాడేపల్లిగూడెములో ఒంటరిగా నుండును. రైలులో గంటసేపైనను పట్టని ఆ యూరు ఆ దినములలో దేశాంతరమయ్యెను. ప్రతి సాయంకాలము ఏడు గంటలకు నేనామెకు ఫోను చేయుట నియమము. ఫోను మ్రోగుటకు ముందు ఎవరో దగ్గుచుండిరి; ఆ కరోనా హెచ్చరిక దగ్గు వినని తెలుగువాడు ఆ యేడు లేడు. దగ్గు ముగిసిన పిమ్మట అక్కయ్య కంఠము. కుశలప్రశ్న లేదు, కరోనా మాట లేదు. "ఏరా తమ్ముడూ, ఇవాళేం చేసేవు?" అనును. మొదటి దినములలో, ఏమున్నది చేయుటకు అని నేను నసిగితిని. ఆమె తన లెక్క చెప్పెను: "నావి నాలుగొందలయినాయి." లక్షవత్తుల నోము పట్టినదట. ఉగాదినాడు మొదలుపెట్టి దినమునకు నాలుగు వందలు చేసినచో కార్తిక పౌర్ణమికి లక్ష పూర్తియగునని పంచాంగము ముందు పెట్టుకొని లెక్కకట్టినది. నేను గణితము తెలిసినవాడను గావున పరీక్షించితిని. మార్చి 25 మొదలు నవంబరు 30 వరకు 251 దినములు. ఒక్క దినము జ్వరము వచ్చినను సరిపోవునట్లు లెక్క వేసినది మహాతల్లి. గింజ తీసి, దూదిని ఏకి, వేళ్లకు కాస్త విబూది రాచుకొని నులుముచుండుటయే పని. టీవీ అంకె దినదినము పెరుగుచుండెను. అక్కయ్య అంకెయు దినదినము పెరుగుచుండెను. ఒక అంకె వలన నాకు నిద్ర పట్టకుండెను, రెండవ అంకె విని నిద్ర పట్టుచుండెను.

ఏడు గంటలకు చెప్పుకొనుటకైనను ఏదియో చేసి తీరవలెనని నాకు సిగ్గు కలిగెను. ధ్యానము చేసితినని చెప్పవచ్చును గాని, ఆమె "ఎన్ని?" అని యడుగును. అట్లు నేను ఆవకాయ పనిలోనికి దిగితిని. మామిడికాయ లింటిముందుకే వచ్చినవి గాని ప్రతి యేడు రైతుబజారు దగ్గర నిలిచి కాయలు కొట్టి యిచ్చు మనిషి రాలేదు. అటకమీదినుండి అత్తగారి కాలమునాటి కత్తిపీటను దింపి, నూనె రాచి, నేనే కొట్టితిని. ప్రతి ముక్కకును టెంక అంటియుండవలెను. లేనిచో ముక్క మెత్తబడును. జీడి తీసివేసి, టెంకకు లోపల నంటుకొనియున్న పలుచని పొరను గోటితో గీకి, పొడిబట్టతో తుడిచి, తడి తగులకుండ ఆరబెట్టవలెను. మొదటి పది కాయలలో సగము ముక్కలు టెంక వీడిపోయినవి. భార్య వానిని మాటాడక వేరుగా తీసి పప్పులోనికి దాచినది. ఇరువదియవ కాయ దగ్గర, పిడికిటి బలముతో గాక కత్తి బరువుతోనే కొట్టవలెనని చేతికి తెలిసినది. ఆ తెలియుటలో నున్న సుఖము నేను ముప్పదియైదేండ్లు నల్లబల్లపై న్యూటను సూత్రములు వ్రాసినను ఎరుగనిది. కాయలు కొట్టుచున్నంతసేపును చిత్తము నిశ్చలముగా నుండెనని చెప్పను. అది చాల చలించుచునే యుండెను, కాని కత్తివెంట చలించుచుండెను.

ఒక చిన్న జాడీ ప్రహరీమీదుగా వేపచెట్టువారికి పోయినది. మే 21న ఆర్టీసీ బస్సులు మరల కదలినపుడు, తెలిసినవారి వెంట ఒక జాడీ తాడేపల్లిగూడెము పోయినది. "ఉప్పు తగ్గింది" అని ఆ సాయంకాలము తీర్పు వచ్చెను.

ఇదంతయు పింఛను వచ్చువాని తత్త్వమని ఎవరైన నన్నచో నేను కాదనను. ఇంటిలో సమచిత్తముగా నుండుట యెట్లని చింతించుటకు ముందుగా ఒక ఇల్లుండవలెను, ఆ యింటిలో బియ్యముండవలెను. ఆ మే నెలలోనే, పనులుడిగి, పిల్లలను భుజములపై మోసికొని, దక్షిణాదినుండి ఒరిస్సా, బీహారుల వైపు వేలకొలది కూలీలు జాతీయ రహదారిమీద ఎండలో నడచిపోయిరి. వారికి సమత్వము బోధింప సాహసించువాడు ముందు వారితో కొవ్వూరు దాక నడచి చూడవలెను. నేను నడువలేదు.

మా జిల్లాలోనే, జీలకర్రగూడెము దగ్గర గుంటుపల్లి కొండ కలదు. క్రీస్తునకు పూర్వమే బౌద్ధ భిక్షువులకై తొలిచిన గుహలవి. కఱ్ఱ యింటి వాసాలవలె రాతిని చెక్కి పైకప్పు తీర్చిన గుండ్రని చైత్యమును చూపుటకు నేను విద్యార్థులను పలుమారులు తీసికొనిపోయితిని. సంచరించుటయే ధర్మముగా గల భిక్షువులు వానకాలము మూడు నెలలు ఒక్కచోట నిలిచి వర్షావాసము చేయుదురని వారికి చెప్పుచు, ఆ నిలుకడను మాత్రమే మెచ్చుకొనుచుండెడివాడను. ఆ వర్షావాసములోను వారు ప్రతి యుదయము పాత్ర పట్టుకొని భిక్షకు పోవుదురనియు, గృహస్థుల గుమ్మములలో నిలుతురనియు, అన్నము పుచ్చుకొని ధర్మము చెప్పుదురనియు నాకు తెలియనిది కాదు. తెలిసినను దానిని గొప్పగా ఎంచలేదు. మూడు నెలలు నిండిన దినమున ప్రవారణ యని యొక విధి కలదు: ఒక్కొక్క భిక్షువును, నాలో మీరు చూచినట్టి, విన్నట్టి, శంకించినట్టి దోషములను చెప్పుడని తోడివారిని వేడుకొనును. ఇరుకుచోట కలిసి బ్రతికినవారికి ఇంతకంటె తగిన పండుగ నెవ్వడు కల్పింపగలడు? జూను నెలలో కట్టుబాట్లు సడలిన పిమ్మట నేనును నా భార్యను అట్లే యడిగితిని. ఆమె కొంతసేపాలోచించి, "ఉండండి, కళ్లజోడూ కాయితమూ తెచ్చుకుంటా" అనెను.

ఇంతవరకును ఇల్లు కోట, భయము బయట. డిసెంబరు 5వ తేదీనాడు అది తలక్రిందులయ్యెను. ఏలూరు వన్‌టౌనులో మనుష్యులు నిలుచున్నవారు నిలుచున్నట్లే మూర్ఛవచ్చి పడిపోసాగిరి. నోట నురుగు, కొద్ది నిమిషముల స్మృతిలోపము, పిదప తేరుకొనుట. కొద్ది దినములలోనే బాధితులు ఆరు వందలు దాటిరి. కరోనా కాదనిరి, ఒకరినుండి ఒకరికి అంటునది కాదనిరి. ఢిల్లీనుండి ఎయిమ్స్ వారు రక్తములో సీసము, నికెలు కనబడినవనిరి. తరువాత పురుగుమందుల అవశేషముల మాట వచ్చినది. ఆ మొదటి వారములో మాత్రము ఏది నమ్మవలెనో ఎవ్వరికిని తెలియదు. మంచినీళ్ల బిందెను చూచిన భయము, కూరగాయల బుట్టను చూచిన భయము. తొమ్మిది నెలలు తలుపులు మూసికొని కాపాడుకొన్న యింటిలోనికి, తలుపుతో పనిలేక, కుళాయిగొట్టములోనుండియో వంకాయలోనుండియో ఏదియో ప్రవేశించినదని ఊరంతయు శంకించుచుండెను. ఇంటికి గోడలు కలవనుట సగమే నిజమని నాకు ఆ వారమున తెలిసినది. గొట్టములు, తీగలు, త్రోవలు మిగిలిన సగము. ఆ వారమున నేను పట్టికలు గీయలేదు. కొని తెచ్చిన నీటితో అన్నము వండుకొని, ఆవకాయ వేసికొని తింటిమి. ఇంటనున్న వస్తువులలో నీటిబొట్టు తగులనిది అదొక్కటే.

కొల్లేరు మాట ఇప్పుడు చెప్పవలెను. ఇంజనీర్లు దానిని కృష్ణా గోదావరి డెల్టాల నడుమ నున్న సమతుల జలాశయ మందురు. సమతుల మనగానే కదలని నీరని తలపకుడు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు తెచ్చి పోసినదంతయు అది కాదనక పుచ్చుకొనును. ఉప్పుటేరు గుండ, మెల్లమెల్లగా, సముద్రమునకు పంపును. సముద్రమట్టమునకు అయిదడుగుల యెత్తున నీరున్నపుడు దాని వైశాల్యము 308 చదరపు కిలోమీటర్లు. పదియడుగులకు లేచినపుడు 901. అయిదడుగుల తేడాకు దాదాపు మూడు రెట్లు విస్తరించి, మరల తగ్గగల ఆ లొంగుబాటే దాని సమత్వము. వేసవిలో నీరు తగ్గినచో ఆ ఉప్పుటేటి వెంటనే ఉప్పునీరు వెనుకకు ఎక్కి వచ్చును. దారి తెరచియుంచినందుకు చెల్లింపవలసిన సుంకమది. ఈ సుంకమునకు జంకియో, లాభమున కాశించియో, మనవారు సరస్సులోపల చేపల చెరువులకై గట్లమీద గట్లు వేసిరి. ప్రతి గట్టును దాని వెనుకనున్నవానికి భద్రముగానే కనబడెను, వరద వచ్చినపుడు నీరు ఊళ్లమీదికి పోయెను. 2006లో ప్రభుత్వమువారు ఆ గట్లను కొట్టించిరి. కొన్ని మరల లేచినవి. కొల్లేటికోటలో వెలసిన ఆ సరస్సు దేవత పేరు పెద్దింట్లమ్మ. నీటి నడుమ నుండు తల్లి పేరులో ఇల్లుండుట నాకు ఎంతో నచ్చిన విషయము. వ్యుత్పత్తి పండితులు వేరుగా చెప్పినను నేను వినను.

నా యింటికి బుడమేళ్లు చాల నుండెను. ఉప్పుటేరు అక్కయ్య ప్రశ్న. దానికి సమాధానముగా రోజున కొక్కటియైనను బయటికి పోవలసియుండుటచేతనే లోనికి వచ్చిన దంతయు నిలిచి కుళ్లకుండెను. ఆమె మాత్రము దైవముమీద భారము వేసి నిశ్చింతగా నున్నదని, నా వంటివానికి ఆసరాగా నిలిచినదని నేను నమ్మియుంటిని.

కార్తిక పౌర్ణమినాడు, నవంబరు 30న, ఆమె లక్షవత్తులు వెలిగించినది. నోము తీరినది. మరి అయిదు దినములకు మా యూరిలో మనుష్యులు పడిపోవుట మొదలైనది. ఆ సాయంకాలము ఏడు గంటలకు నేను వణకుచు ఫోను చేసితిని. దగ్గు వినబడెను, పిమ్మట అక్కయ్య.

"ఏరా, ఇవాళేం చేసేవు?"

చెప్పితిని. అంబులెన్సుల కూతలు, బిందెలలోని నీరు పారబోసిన సంగతి, అంతయు.

"నావి నాలుగొందలయినాయి" అనెను.

నోము తీరినది గదా, ఇంకను ఎందుకే అక్కయ్యా అని యడిగితిని.

"నువ్వు ఫోన్ చేసినప్పుడు ఏదో ఒకటి చెప్పాలి గదరా" అనెను.